ఎండకెత్తి చూసిన రేకు

గోదావరి కాలువ గట్టునున్న నేరేడుమెరకలో వెంకాయమ్మ అనే పూతరేకుల వ్యాపారి ఉండేది. ఎదుటి మనిషి నవ్వితే చాలు, ఆ నవ్వు వెనక ఏముందో తేలేదాకా ఆవిడకి అన్నం సహించేది కాదు.

పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకునేది. కోడలు సత్యవేణి నవ్వితే పుట్టింటికి వెళ్ళే ఎత్తు వేసిందనుకునేది. ఒకసారి గుళ్ళో పూజారిగారు ప్రసాదం పెడుతూ నవ్వారు. వెంకాయమ్మ ఆ ప్రసాదాన్ని ఇంటికి తెచ్చి, నిన్నటిదేమోనని వాసన చూసింది. వాసన బాగానే ఉంది. అయినా తినలేదు.

ఆవిడ ఇంటికి రోడ్డు వైపు దుకాణం, కాలువ వైపు పొయ్యిల సావిడి. రెంటికీ మధ్య గుమ్మం, గుమ్మం పక్కన గల్లాపెట్టె, దాని వెనక వెంకాయమ్మ కుర్చీ. అక్కడ కూర్చుంటే ముందు కొనేవాళ్ళూ కనిపిస్తారు, వెనక పనిచేసేవాళ్ళూ కనిపిస్తారు. అనుమానించడానికి అంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు.

నిజానికి ఆ కుర్చీ ఆవిడ కోరుకున్నది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడా పొయ్యి ముందు కూర్చుని రేకులు తీసిన మనిషే. వ్యాపారం పెరిగాక భర్త, "ఇంకా నువ్వు పొగలో కూర్చోవడం ఏంటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని కుర్చీ చేయించాడు. కొన్నేళ్ళకి ఆయన పోయాడు, కుర్చీ ఉండిపోయింది. వెంకాయమ్మ దశ తిరిగిందని ఊళ్ళో అందరూ అన్నారు. ఆవిడా అదే అనుకుంది. పొయ్యి దగ్గర నుంచి కుర్చీలోకి వస్తే పైకి వచ్చినట్టే కదా. ఆ తర్వాత ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. యజమానులు అలాగే ఉంటారు కాబోలని ఎవరూ పట్టించుకోలేదు.

పూతరేకు తీయడం చూడ్డానికి తేలికగానే ఉంటుంది. కుండని బోర్లించి, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. బియ్యం నానబెట్టి, రుబ్బి, పాలలా పల్చగా కలుపుతారు. అందులో పల్చటి గుడ్డ ముంచి, కాలుతున్న కుండ వీపు మీద పరిచి చటుక్కున లాగేస్తారు. కుండ మీద ఒక తెల్లటి పొర నిలుస్తుంది. అదే రేకు. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే చిరుగుతుంది. ఎవరి కుండ వాళ్ళదే. నెలల తరబడి నూనె రాసి చేతికి అలవాటు చేసుకున్న కుండని ఇంకొకరికి ఇవ్వరు.

ఆ ఊళ్ళో కుండ గురించి ఒక కట్టుబాటు ఉంది. తనంతట తాను పని మానుకున్న మనిషికి, కుండ చుట్టుకోమని యజమానురాలు ఒక మంచి గుడ్డ ఇచ్చి పంపుతుంది. తప్పు చేసిందని పంపేసిన మనిషికి గుడ్డ ఇవ్వదు. నల్లటి ఉత్త కుండ చంకనెట్టుకుని వీధిలో నడిచి వెళ్ళిన మనిషిని ఆ ఊళ్ళో మరెవ్వరూ తమ పొయ్యి దగ్గరికి రానివ్వరు.

వెంకాయమ్మ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు రేకులు తీసేవారు. వాళ్ళలో నూకరత్నం తీసిన రేకు వెనక అరచెయ్యి పెడితే గీతలు కనిపించేవి. దుకాణానికి పేరు వచ్చింది ఆ రేకుల వల్లే. ఆ సంగతి వెంకాయమ్మకి తెలుసు. ఆవిడ బాధ అది కాదు. మండుటెండల్లో, మండే పొయ్యి ముందు, ముఖమంతా చెమటలు కారుతుండగా నూకరత్నం నవ్వుతూ ఉండేది. చిన్న నవ్వే. ఎవరినీ చూసి కాదు. కుండని చూసి.

"పొయ్యి ముందు కూర్చుని నవ్వేదాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉంది" అంది వెంకాయమ్మ కోడలితో.

"పని కుదిరిందేమోనండి, అత్తయ్యగారూ" అంది సత్యవేణి బియ్యం చెరుగుతూ. ఆమెకి ఆ చెరగడం ఏమాత్రం కుదరలేదని వేరే చెప్పక్కర్లేదు. దుకాణంలోకి ఎవరొచ్చినా చేట పక్కన పెట్టేసి కబుర్లకి వెళ్ళిపోయేది.

"కుదరడానికి అదేమన్నా పెళ్ళిసంబంధమా?" అంది వెంకాయమ్మ.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. కాలువ అవతలి గట్టున బుల్లబ్బాయి అనే ఆయనకీ పూతరేకుల దుకాణం ఉంది. ఆయన నూకరత్నానికి ఎక్కువ కూలి ఇస్తానని కబురు పెట్టాడట. నూకరత్నం వెళ్ళనందట. మరో యజమాని అయితే పొంగిపోయేది. వెంకాయమ్మకి ఆ పూట మజ్జిగ కూడా దిగలేదు.

"ఎక్కువ ఇస్తానంటే ఎందుకు వెళ్ళలేదే?" అని అడిగింది మర్నాడు.

"ఇక్కడ నా కుండకి మంట కుదిరిందండి. వెలుతురు కూడా బాగుంటాదండి" అంది నూకరత్నం.

వెలుతురు కోసం కూలి వదులుకున్న మనిషి ఈ భూమ్మీద ఉంటుందా? లేదని తేల్చుకుంది వెంకాయమ్మ. అయితే ఇక్కడే ఉండి చెయ్యాల్సిన పని ఏదో ఉందన్నమాట. ఆ పని ఏంటో పట్టుకోవాలని ఆ రోజు నుంచి గల్లాపెట్టెకి వీపు పెట్టి, సావిడి వైపే చూస్తూ కూర్చుంది.

ఎక్కువ కాలం చూడాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం పొయ్యిలు ఆర్పేశాక, మిగతా ఇద్దరూ కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే, నూకరత్నం ఆ రోజు తీసిన రేకుల్లోంచి ఒకటి ఏరి, రెండు చేతులతో పట్టుకుని, కాలువ వైపు గుమ్మంలోకి వెళ్ళింది. దాన్ని పొద్దుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. అలాగే నిలబడి చూసింది. తర్వాత తెచ్చి రేకుల దొంతి మీద పెట్టేసి, తన అన్నం డబ్బా తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే.

మూడోనాడు వెంకాయమ్మ మెల్లగా వెనక వెళ్ళి నిలబడింది. నూకరత్నం రేకు ఎత్తి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే అవతలి గట్టున బుల్లబ్బాయి గేదెకి నీళ్ళు పెడుతూ తలెత్తి ఇటు చూశాడు.

వెంకాయమ్మ అది చూసింది. అదన్నమాట సంగతి. రేకు ఎంత పల్చగా తీస్తున్నామో, పిండి ఎంత నీరుగా కలుపుతున్నామో, అన్నీ ఎండకెత్తి అవతలివాడికి చూపిస్తోంది.

"ఎవరికే చూపిస్తున్నావు?" అంది గట్టిగా.

నూకరత్నం ఉలిక్కిపడింది. "ఎవరికీ లేదండి. ఊరికే."

"ఊరికే ఏంటి?"

"నిన్నటి దానికంటే బాగా వచ్చిందో లేదో అనండి. ఎండకి పెడితే తెలుస్తాదండి. చూస్తే బాగుంటాదండి."

"తెలిస్తే నీకేం వస్తుంది?"

ఈ ప్రశ్నకి నూకరత్నం నిజంగానే ఆలోచించింది. "ఏమీ రాదండి" అంది చివరికి.

ఆ జవాబుతో వెంకాయమ్మకి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. ఏమీ రాని పని ఎవరూ చెయ్యరు. నూకరత్నం డబ్బా లాక్కుని అందరి ముందూ బోర్లించింది. అందులోంచి తిని పారేసిన మామిడి టెంక ఒకటి పడింది.

"ఏం దొరికిందండి?" అంది నూకరత్నం.

"ఏమీ దొరకలేదు. అంటే నువ్వు ఎంత గట్టిదానివో తెలుస్తోంది. నీ కుండ తీసుకుని వెళ్ళు."

నూకరత్నం గుడ్డ కోసం చూసింది. వెంకాయమ్మ ఇవ్వలేదు. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ తలలు వంచుకున్నారు. నూకరత్నం ఇంకా వేడి తగ్గని కుండని చంకనెట్టుకుని, చీర మసి అవుతుండగా, వీధి పొడుగునా నడుచుకుంటూ వెళ్ళింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఆ ఉత్త కుండని చూశారు. ఎవరూ పలకరించలేదు.

నూకరత్నం సరాసరి బుల్లబ్బాయి దగ్గర చేరుతుందని, అప్పుడు తన మాట నిజమని ఊరంతా ఒప్పుకుంటుందని వెంకాయమ్మ ఎదురుచూసింది. సత్యవేణి వేరే కబురు తెచ్చింది.

"బుల్లబ్బాయిగారు కూడా రానివ్వలేదంటండి. ఉత్త కుండతో వచ్చినదాన్ని పొయ్యి ముందు కూర్చోబెట్టనన్నారంట. ఇంట్లో కూర్చుని చీపుళ్ళు కడుతోందంట, పాపం."

"నాటకం. ఇద్దరూ కలిసి ఆడుతున్నారు" అంది వెంకాయమ్మ. కానీ ఆ మాట అన్నాక మునుపటంత ఊరట కలగలేదు.

సావిడిలో మిగిలిన ఇద్దరూ నవ్వడం మానేశారు. నవ్వితే కుండ ఎత్తుకుని పోవాల్సి వస్తుందేమోనని మూతులు బిగించుకుని, వెంకాయమ్మ కుర్చీ వైపు ఓ కన్ను వేసి పనిచేసేవారు. కన్ను కుర్చీ మీద ఉంటే కుండ మీద ఎలా ఉంటుంది? రేకులు మందంగా రావడం మొదలుపెట్టాయి. "ఇదేంటండీ వెంకాయమ్మగారూ, అప్పడాలు కూడా మొదలెట్టారా?" అన్నాడు కొనడానికి వచ్చిన ఒకాయన. ఆయన్ని బుల్లబ్బాయే పంపించి ఉంటాడని ఆవిడ అనుకుంది.

అలాంటి సమయంలో రావులపాలెం నుంచి పెళ్ళివారు వచ్చారు. పెళ్ళి దగ్గర పడింది. "మీ రేకు నోట్లో వేసుకుంటే ఉందో లేదో తెలియదంట కదండీ, అవే కావాలి" అన్నారు. వెంకాయమ్మ పరువుకి పోయి సరేనంది. వాళ్ళు వెళ్ళాక సావిడిలోకి వెళ్ళి రేకుల దొంతి చూసింది. ఒక రేకు తీసి వెనక అరచెయ్యి పెట్టింది. గీతలు కాదు కదా, చెయ్యే కనిపించలేదు.

"నూకరత్నాన్ని పిలుద్దామండీ" అంది సత్యవేణి.

"చస్తే పిలవను. నిచ్చెన పట్టుకో" అంది వెంకాయమ్మ.

అటక మీద ఒక మూల పాత నేత చీరలో చుట్టిన కుండ ఉంది. వెంకాయమ్మది. కుర్చీలోకి మారిన రోజున ఆవిడే చుట్టి పెట్టింది. ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యలేదు. ఎందుకు దాచిందో ఎప్పుడూ ఆలోచించనూ లేదు. కిందికి దించి, దుమ్ము తుడిచి, నూనె రాసి, కొంగు బిగించి పొయ్యి ముందు కూర్చుంది. గల్లాపెట్టె దగ్గర సత్యవేణిని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టే ముందు తాళం సరిచూసుకోవడం మాత్రం మరిచిపోలేదు.

మొదటి రేకు చిరిగింది. తర్వాతది మాడింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. కొబ్బరాకులు పచ్చివి తెచ్చారని అనుమానించింది. అవి గలగలలాడుతూ ఎండి ఉన్నాయి. బియ్యం కొట్టువాడు పాత బియ్యం బదులు కొత్తవి పోశాడని అనుమానించింది. నలిపి చూస్తే పాతవే. గుడ్డని అనుమానించింది, కుండని అనుమానించింది. ఇక అనుమానించడానికి సావిడిలో ఏమీ మిగల్లేదు. మాట్లాడకుండా పని చెయ్యడం ఒక్కటే మిగిలింది.

అప్పుడు చేతులకి నెమ్మదిగా గుర్తొచ్చింది. గుడ్డ ఎప్పుడు లాగాలో కుండ చెప్పే చిన్న చప్పుడు ఒకటుంటుంది. ఆ చప్పుడు వినిపించింది. రేకు అంచు దానంతటదే లేచింది. రెండు మునివేళ్ళతో పట్టుకుంటే ఊడి వచ్చింది. గాలికి వణికింది.

వెంకాయమ్మ ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు. పొయ్యిలో మంట అలా వదిలేసి, ఆ రేకుని పట్టుకుని కాలువ వైపు గుమ్మంలో నిలబడి ఉంది. దాన్ని పొద్దుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. రేకులోంచి కాలువ కనిపించింది. అవతలి గట్టున కొబ్బరిచెట్లు కనిపించాయి. బుల్లబ్బాయి గేదె కూడా కనిపించింది. ఆవిడకి చాలా సంతోషం వేసింది. ఏళ్ళ తరబడి వెయ్యని సంతోషం.

వెనక అడుగుల చప్పుడయింది. పెళ్ళివారి మనిషి ఏదో అడిగితే కనుక్కోవడానికి సత్యవేణి వచ్చింది.

"ఎవరికి చూపిస్తున్నారండి, అత్తయ్యగారూ?" అంది.

"ఎవరికీ లేదే. ఊరికే" అంది వెంకాయమ్మ.

అన్నాక ఆ మాట ఆవిడ చెవిన పడింది. చేతిలో రేకు నలిగిపోయింది.

సత్యవేణి కంగారు పడింది. "ఏమైందండి? ఇందాక బాగానే నవ్వుతున్నారుగా?"

"నేనా? నవ్వానా?"

"ఆయ్. నేను చూశానండి."

"ఎందుకు నవ్వాను?"

"నాకేం తెలుసండి? అది మీరే చెప్పాలి" అంది సత్యవేణి.

వెంకాయమ్మకి ఎప్పుడూ లేనిది తన మీద తనకే అనుమానం వచ్చింది. మంట ముందు కూర్చుంటే వచ్చిన నవ్వు కుర్చీలో కూర్చుంటే ఎందుకు రాలేదు? ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో ఎవరి కోసం కూర్చుంది? నలుగురూ ఏమనుకుంటారోనని కూర్చుంది. ఆ నలుగురూ తన గురించి ఆలోచించి ఎన్నాళ్ళయిందో. తనకి రాని నవ్వు ఇంకొకరి ముఖం మీద కనిపిస్తే, ఓర్చుకోలేక దానికి దొంగతనమని పేరు పెట్టింది. సిగ్గు వేసింది, ఏడుపూ వచ్చింది. ఊరికే చూసుకున్నందుకు ఒక మనిషిని ఉత్త కుండతో వీధిలో నడిపించింది.

ముఖం కడుక్కుని, తన కుండకి చుట్టిన పాత నేత చీర తీసుకుని నూకరత్నం ఇంటికి వెళ్ళింది.

నూకరత్నం వాకిట్లో కూర్చుని కొబ్బరి ఈనెలు కట్టలు కడుతోంది. పక్కనే కుండ బోర్లించి ఉంది. దాని వీపు నూనెతో మెరుస్తోంది.

"పని లేదుగా, కుండకి నూనె ఎందుకు రాస్తున్నావే?" అంది వెంకాయమ్మ. అలవాటు అంత తేలిగ్గా పోతుందా మరి.

"రాయకపోతే ఎండిపోతాదండి" అంది నూకరత్నం తలెత్తకుండా.

వెంకాయమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. "నువ్వు ఊరికే చూస్తున్నానంటే నమ్మలేదు. ఇవాళ నేనూ చూశాను. నాది తప్పు. వచ్చెయ్యి."

"రానండి."

"ఎందుకు?"

"మళ్ళీ అనుమానం రాదని నమ్మకం ఏంటండి? డబ్బా బోర్లించినప్పుడు నాకు ప్రాణం పోయినట్టయిందండి. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇష్టమైన పని కూడా ఇదొక్కటే. మీ ఒక్క మాటతో ఊరు మొత్తం నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపేసిందండి."

రాదని చెప్పడం సులువే. కానీ వెంకాయమ్మ అలా అనలేదు. "వస్తుంది. నా సంగతి నాకు తెలియదా? వస్తే మాత్రం మొహం మీదే అడుగుతాను. నువ్వు మొహం మీదే తిట్టు. కుండ జోలికి రాను."

నూకరత్నం ఈనెలు కింద పెట్టింది. "పంపినప్పుడు ఊరంతా చూసిందండి" అంది.

"తెచ్చేటప్పుడూ ఊరంతా చూస్తుంది" అంది వెంకాయమ్మ. చేతిలోని నేత చీర విప్పి, నూకరత్నం కుండని జాగ్రత్తగా చుట్టి, తన చంకనే ఎత్తుకుంది. నూకరత్నాన్ని చేతులు ఊపుకుంటూ ముందు నడవమంది.

వీధిలో అరుగుల మీది కబుర్లు ఆగిపోయాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే వెంకాయమ్మ చంకలో కుండతో, కూలిమనిషి వెనకాల నడిచి వస్తోంది. ఒకావిడ ఉండబట్టలేక అడిగింది. "ఆ కుండ ఎవరిదండి, వెంకాయమ్మగారూ?"

"నూకరత్నానిది. తను ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను" అంది వెంకాయమ్మ, చెవిటివాళ్ళకి కూడా వినపడేలా. కాలువ అవతల బుల్లబ్బాయి కూడా విన్నాడు.

పెళ్ళివారి రేకులు సమయానికి అందాయి. సావిడిలో పక్కపక్కన రెండు పొయ్యిల మీద వెంకాయమ్మ, నూకరత్నం పోటీపడి తీశారు. మిగతా ఇద్దరి బిగిసిన మూతులూ వదులయ్యాయి. వెంకాయమ్మ మళ్ళీ కుర్చీ ఎక్కలేదు. అది సత్యవేణికే వదిలేసింది. వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ, వద్దన్నవాళ్ళ చేత కూడా కొనిపిస్తూ ఆ పిల్ల కుర్చీలో హాయిగా ఇమిడిపోయింది. బియ్యం చెరిగే పనికి చేట పట్టడం వచ్చిన మనిషినే పెట్టుకున్నారు.

పాలవాడు నవ్వితే వెంకాయమ్మ ఇప్పటికీ పాలు వేలితో ముంచి చూస్తుంది. కానీ సాయంత్రం పొయ్యిలు ఆర్పాక, ఇద్దరూ చెరొక రేకు పట్టుకుని కాలువ వైపు గుమ్మంలో నిలబడతారు. "నాదే పల్చన" అంటుంది వెంకాయమ్మ. "ముందు మీ కళ్ళు తుడుచుకుని చూడండి" అంటుంది నూకరత్నం. అవతలి గట్టున బుల్లబ్బాయి గేదె తాడు పట్టుకుని, వీళ్ళిద్దరూ కలిసి తనకేం చూపిస్తున్నారా అని అనుమానంగా చూస్తూ ఉంటాడు.

తాను చేసే పనిలో సంతోషం లేని మనిషికి ఎదుటివాళ్ళ సంతోషం దొంగసొత్తులా కనిపిస్తుంది. అందుకని పక్కవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారని నిలదీసే ముందు, మనం ఎందుకు నవ్వలేకపోతున్నామో మనల్ని మనమే అడిగి తెలుసుకోవాలి.